వాది, ప్రతివాది సరే, తీర్పరి ఎవరు? దత్తమండలాల నుంచి బేరార్ దాకా తెగని తగవు

కడపకూ పులివెందులకూ నడుమనున్న పెండ్లిమర్రి గానీ, పెన్న పక్కనున్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు గానీ ఎవరి ఏలుబడిలో ఉండాలో 18వ శతాబ్దం చివర్లో ఆ ఊళ్లను ఎవరూ అడగలేదు. మైసూరు యుద్ధాల పంపకాల్లో 1792లో కొంత, 1799లో కొంత ఈ సీమ టిప్పు సుల్తాన్ నుంచి నిజాం అలీఖాన్ చేతికి వచ్చింది. 1800 అక్టోబరు 12న హైదరాబాద్‌లో కుదిరిన సంధితో అదంతా ఈస్టిండియా కంపెనీకి పోయింది. కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు, కర్నూలు సీమలో కొంత భాగం దత్తమండలాలయ్యాయి. ప్రిన్సిపల్ కలెక్టరుగా దిగిన థామస్ మన్రో పాలెగాళ్లను అణచి, భూమి కొలిపించి, శిస్తు కట్టాడు.

ఇంతవరకు రాయలసీమలో బడిపిల్లలకూ తెలిసిన కథే. ఆ సంధిలోని ఒక షరతు పట్టుకుని హైదరాబాద్ సంస్థానానికీ బ్రిటిష్ సర్కారుకూ మధ్య వందేళ్లకు పైగా నలిగిన తగవు మాత్రం అంతగా చర్చకు రాదు. "మా మధ్య ఉన్న తగవును మీరే తేల్చకండి, నిష్పాక్షికమైన విచారణ సంఘాన్ని వేయండి" అన్నది హైదరాబాద్ అడిగిన మాట. ఆ సంఘం ఎన్నడూ ఏర్పడలేదు. ఇప్పుడు వలసపాలన నాటి బాకీల మాట వచ్చినప్పుడల్లా కోహినూర్, లండన్ బ్యాంకులోని నిజాం సొమ్ము, బేరార్, దత్తమండలాలు అన్నిటినీ ఒకే మూటగా కట్టేస్తున్నారు. మూట విప్పి దేని దారిన దాన్ని చూస్తే తప్ప, విచారణ అనే మాటకు అర్థం తేలదు.

తగవు ఎక్కడ పుట్టింది

1798 సంధి ప్రకారం నిజాం తన రాజ్యంలో ఉండే కంపెనీ సైన్యం ఖర్చుకు ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. 1800లో ఆ సైన్యాన్ని పెంచి, నగదుకు బదులు భూమినే శాశ్వతంగా రాయించుకున్నారు. అంటే హైదరాబాద్‌ను కాపాడే పటాలాల జీతాలకు కడప, బళ్లారి రైతుల శిస్తు జమ అయింది. ఈ లెక్క ఇక్కడితో ముగిసి ఉంటే తగవే లేదు.

అదే సంధిలో 12వ షరతు ఉంది. యుద్ధం వస్తే నిజాం తన సొంత సైన్యంలోంచి 6,000 కాల్బలాన్ని, 9,000 గుర్రపుదళాన్ని కంపెనీకి తోడు పంపాలని దాని సారాంశం. 1811 నుంచి 1820 దాకా హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా, ఉన్న హెన్రీ రస్సెల్ కాలంలో నిజాం ఖజానా మీద, బ్రిటిష్ అధికారుల చేతి కింద, శాంతికాలంలోనూ నిలిచే ప్రత్యేక సైన్యం ఒకటి తయారైంది. అదే హైదరాబాద్ కంటింజెంట్. దాని ఖర్చు ఏటా 40 లక్షల రూపాయల దాకా పాకింది. ఆ జీతాల కోసం పేష్కార్ చందూలాల్ విలియం పామర్ కంపెనీ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశాడు. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఆ వడ్డీ వ్యాపారాన్ని బయటపెట్టాడు. 1823లో ఆ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కారుల మీద నిజాంకు రావలసిన పేష్కష్‌ను (కప్పాన్ని) ఒక్క మొత్తానికి శాశ్వతంగా వదిలించుకున్నారు. ఆ విధంగా కోస్తా మీది చివరి హక్కు కూడా అప్పుల కిందే కరిగిపోయింది.

పామర్ పోయాక ఈస్టిండియా కంపెనీయే అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది. 1850లు వచ్చేసరికి బాకీ 45 లక్షల దాకా తేలిందన్నారు. అప్పిచ్చినవాడే కరణమై చిట్టా రాసుకున్నట్టుంది ఆ లెక్క. సికింద్రాబాద్ కంటోన్మెంటులో అబ్కారీ రాబడిని కంపెనీ దశాబ్దాల పాటు తన దగ్గరే ఉంచుకుంది. అది నిజాంకు జమ పడాలని, పడితే అసలు బాకీయే మిగలదని హైదరాబాద్ వాదన. ఆ ఎదురులెక్కను ఎవరూ తనిఖీ చేయలేదు.

1853 మే 21న గవర్నర్ జనరల్ డల్హౌసీ హయాంలో, రెసిడెంట్ కర్నల్ లో (Low) ముందు నిజాం నాసిరుద్దౌలా సంతకం చేశాడు. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న బేరార్, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాలు, దాదాపు 50 లక్షల రాబడి ఉన్న నేల, కంటింజెంట్ ఖర్చు కోసం కంపెనీ నిర్వహణకు వెళ్లాయి. సేనలు కదిలే ఏర్పాట్లు జరుగుతున్నాయని అప్పుడు రెసిడెన్సీ నుంచి దివాన్‌కు సూచన అందిందని హైదరాబాద్ పక్షం తర్వాత పదేపదే ఎత్తిచూపింది. సంతకం పెట్టిన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ చనిపోగా, ఆయన సోదరుడి కొడుకు సాలార్‌జంగ్ 24 ఏళ్ల వయసులో దివాన్ అయ్యాడు.

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం డల్హౌసీ స్వయంగా రాసి పెట్టినదే. 1817 మరాఠా యుద్ధం ముగిశాక కూడా కంటింజెంట్‌ను పోషించాల్సిన బాధ్యత 12వ షరతు వల్ల నిజాం మీద ఉందని చెప్పమని, నిజాయితీ ఉన్న మనిషిగా తాను రెసిడెంటుకు చెప్పలేనని ఆయన తన నోటులో ఒప్పుకున్నాడు. ఆ మాట రాసిన మనిషే బేరార్‌ను తీసుకున్నాడు. ఏ విచారణ సంఘం కూర్చున్నా మొదట తెరవాల్సిన కాగితం అదే.

1860 డిసెంబరు సంధితో తగవు సగం చల్లారింది. ధారాశివ్, రాయచూరు తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది, సురపురం కూడా నిజాంకు దక్కింది. బదులుగా బేరార్ జమాఖర్చులు అడిగే హక్కును హైదరాబాద్ వదులుకుంది. 1857లో తోడు నిలిచినందుకు బహుమానం అన్నది ఒక వ్యాఖ్యానం. లెక్కల పుస్తకం మూసేయడానికి ఇచ్చిన మూల్యం అన్నది మరొకటి. రెండూ నిజమే కావచ్చు.

అడిగిన ప్రతిసారీ

1870లంతా సాలార్‌జంగ్ బేరార్ కోసం లేఖల మీద లేఖలు రాశాడు. 1876లో ఇంగ్లండ్ వెళ్లాడు. స్వాగతాలు బాగా జరిగాయి, పని జరగలేదు. 1878లో భారత వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీ కాదన్నాడు.

1902లో కర్జన్ హైదరాబాద్ వచ్చి మీర్ మహబూబ్ అలీఖాన్‌తో ఆంతరంగికంగా మాట్లాడాడు. ఫలితంగా ఏటా 25 లక్షలకు బేరార్ శాశ్వత కౌలుకు పోయింది. ఆ గదిలో ఏం జరిగిందన్న దాని మీద కర్జన్ కథనం ఒకటి, బేరార్ ఎన్నటికీ తిరిగి రాదని చెప్పాకనే తాను ఒప్పుకున్నానన్న నిజాం మాట మరొకటి. ఆ తర్వాత నిజాంకు జీసీబీ బిరుదు వచ్చింది. ఆ మూడక్షరాలకు 'గేవ్ కర్జన్ బేరార్' అని జనం చెప్పుకున్న చమత్కారం ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ధారాళంగా డబ్బిచ్చి 'నమ్మకమైన మిత్రుడు' అనిపించుకున్న మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1923 అక్టోబరులో బేరార్‌ను తిరిగి ఇవ్వమని వైస్రాయ్ రీడింగ్‌కు రాశాడు. 1925 మార్చిలో తిరస్కారం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో లేఖ వెళ్లింది. విదేశీ వ్యవహారాలు తప్ప మిగతా విషయాల్లో నిజాం, బ్రిటిష్ ప్రభుత్వం సమానులని, ఒక పక్షం తానే ఇచ్చుకున్న నిర్ణయం తీర్పు కాదని, కనుక విచారణ సంఘం వేయాలని అందులో వాదించాడు.

1926 మార్చి 27 నాటి రీడింగ్ జవాబు భారత సంస్థానాల చరిత్రలో మైలురాయి. బ్రిటిష్ రాచరికం భారతదేశంలో సర్వోన్నతమని, ఏ సంస్థానాధీశుడూ దానితో సమాన స్థాయిలో బేరమాడలేడని అందులో తేల్చేశాడు. విచారణ సంగతికి వస్తే, 1920లో భారత ప్రభుత్వం సంస్థానాల తగవులకు మధ్యవర్తి న్యాయస్థానాలు వేయడానికి తీర్మానం చేసి ఉంది. అయితే లండన్ ప్రభుత్వం ఒకసారి నిర్ణయించిన వ్యవహారాలకు అది వర్తించదని, పైగా 1902 ఒప్పందంతో ఈ తగవు ముగిసిపోయిందని రీడింగ్ రాశాడు. ఆ ఒప్పందం ఒత్తిడితో జరిగిందా లేదా అన్నదే కదా తగవు! ఇలా రాసిన వ్యక్తి అంతకు ముందు ఎనిమిదేళ్లు ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు.

మొదటి ప్రయోగం బరోడా

మిశ్రమ విచారణ సంఘం అసలు సాధ్యమే కాదనడానికి వీల్లేదు. 1875లో బరోడా మహారాజు మల్హార్‌రావ్ గైక్వాడ్ మీద రెసిడెంట్ కర్నల్ ఫేర్‌కు విషం పెట్టించాడన్న నేరం మోపినప్పుడు ముగ్గురు ఆంగ్లేయులు, ముగ్గురు భారతీయులతో ఒక సంఘాన్ని వేశారు. కలకత్తా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి రిచర్డ్ కౌచ్ అధ్యక్షుడు. గ్వాలియర్, జైపూర్ మహారాజులు, సర్ దినకర్‌రావ్ భారతీయ సభ్యులు. నిందితుడి తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి పేరుమోసిన బారిస్టర్ బాలంటైన్ వచ్చాడు.

ఆంగ్లేయులు ముగ్గురూ నేరం రుజువైందన్నారు. భారతీయులు ముగ్గురూ కాలేదన్నారు. అప్పుడు ప్రభుత్వం విషం సంగతి పక్కన పెట్టి, దుష్పరిపాలన పేరుతో మహారాజును గద్దె దించింది. సంఘంలో రెండు వైపులా సమాన సంఖ్య ఉన్నంత మాత్రాన న్యాయం జరగదని, నివేదిక వచ్చాక దాన్ని పాటించే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలని బరోడా చెప్పింది. ఆ ముగ్గురు ఆంగ్లేయుల్లో ఒకడైన రిచర్డ్ మీడ్ తర్వాత హైదరాబాద్ రెసిడెంటుగా వచ్చి సాలార్‌జంగ్ ప్రయత్నాలకు అడ్డుపడ్డాడు. ఇది కాకతాళీయమే కావచ్చు.

బరోడా అనుభవం తర్వాత తలుపు మరింత గట్టిగా మూసుకుంది. మణిపూర్ తిరుగుబాటు నేపథ్యంలో 1891 ఆగస్టు 21 నాటి గెజిట్, అంతర్జాతీయ న్యాయసూత్రాలకు సంస్థానాలతో బ్రిటిష్ ప్రభుత్వ సంబంధాల్లో చోటే లేదని ప్రకటించింది. 1899లో హేగ్ సమావేశం అంతర్జాతీయ విచారణ సంఘాల పద్ధతిని రూపొందించింది. 1904లో ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్ దగ్గర రష్యా నౌకలు బ్రిటిష్ చేపల పడవల మీద కాల్పులు జరిపితే, వివిధ దేశాల నౌకాధికారుల సంఘం నెలల్లో నిజం తేల్చింది, రష్యా పరిహారం చెల్లించింది. 1902లో బేరార్‌ను కౌలుకు రాయించుకున్న సామ్రాజ్యమే 1904లో తన జాలరుల కోసం అంతర్జాతీయ విచారణ కోరింది.

వాదాలు ఎలా చీలాయి

సాలార్‌జంగ్ నుంచి 1920ల్లో హైదరాబాద్ తరఫున నిలిచిన సర్ అలీ ఇమామ్ దాకా, 1928లో సంస్థానాధీశుల తరఫున వాదించిన లెస్లీ స్కాట్ దాకా అందరిదీ ఒకే పట్టు. సంధి రాజ్యానికీ రాజ్యానికీ మధ్య జరిగింది, దాన్ని రెండో పక్షం అనుమతి లేకుండా సాగదీయడం చెల్లదు. 1800 సంధి 15వ షరతు కూడా వారికి ఆధారమే. నిజాం బంధువులు, ప్రజల జోలికి కంపెనీ రాదని అందులో ఉంది. అయితే అదే సంధి నిజాంకు ఇతర రాజ్యాలతో వచ్చే తగవులను తీర్చే అధికారం కంపెనీకి ఇచ్చింది. కంపెనీతోనే తగవు వస్తే ఎవరు తీర్చాలో ఎక్కడా రాయలేదు. సంధివాదుల బలమూ బలహీనతా ఆ ఖాళీలోనే ఉన్నాయి.

లీ వార్నర్, టప్పర్ వంటి రాజకీయశాఖ రచయితలు దీన్ని తిరగేశారు. సంధుల అక్షరం కన్నా ఏళ్ల తరబడి సాగిన ఆచారమే ప్రధానం అన్నారు. 1929లో బట్లర్ కమిటీ పారమౌంట్సీ (సంస్థానాల మీద బ్రిటిష్ సర్వోన్నతాధికారం) పారమౌంట్సీగానే ఉండాలని చెప్పి, దానికి నిర్వచనం ఇవ్వకుండానే ఊరుకుంది. నిర్వచనం లేని అధికారానికి హద్దు ఉండదు కాబట్టి, పాలకపక్షానికి అంతకన్నా అనుకూలమైన సూత్రం దొరకదు.

ఈ ఇద్దరికీ పట్టని మూడో గొంతు ఉంది. 1927లో మొదలైన సంస్థాన ప్రజల మహాసభ, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ వంటి వేదికల నుంచి వచ్చిన ప్రశ్న వేరు. భూమి ఎవరిదన్నది రాజులు తేల్చుకుంటే చాలా? తమను మళ్లీ నిజాం కిందికి పంపవద్దని బేరార్ నాయకులూ గట్టిగానే చెప్పారు. 1928లో నంద్యాలలో కడప కోటిరెడ్డి అధ్యక్షతన సమావేశమైన దత్తమండలాల ప్రతినిధులు కూడా తమ సీమ భవిష్యత్తు గురించే మాట్లాడారు గానీ, పాత యజమానికి తిరిగి పోవాలని అనలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టం. మొదటి వర్గం ఒప్పంద పత్రాన్ని సాక్ష్యంగా తెస్తుంది, రెండోది ఆచారాన్ని, మూడోది అక్కడి మనుషులను. చట్టం రీత్యా మొదటిది బలమైనదని, న్యాయం రీత్యా మూడోది బలమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రెండోదానికి మిగిలింది అధికారబలం ఒక్కటే. దురదృష్టం ఏమిటంటే 1936 అక్టోబరులో కుదిరిన చివరి ఒప్పందం మొదటి వర్గాన్ని పైపైన తృప్తిపరిచి సరిపెట్టింది. బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని మాటవరసకు గుర్తించి, యువరాజుకు 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' బిరుదు ఇచ్చి, పరిపాలన మాత్రం మధ్యరాష్ట్రాల కిందే ఉంచారు.

1948: దారి తప్పిన అంతర్జాతీయం

1947లో పారమౌంట్సీ రద్దయ్యాక, అదే ఏడాది నవంబరు 29న భారత్‌తో హైదరాబాద్ చేసుకున్న యథాతథ ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన స్పష్టంగా ఉంది. చెరొక మధ్యవర్తి, వాళ్లిద్దరూ కలిసి ఎన్నుకునే అంపైర్. కాగితం మీద చూస్తే నూట యాభై ఏళ్లలో హైదరాబాద్‌కు దక్కిన తొలి న్యాయమైన విచారణ పద్ధతి ఇదే. అది ఎన్నడూ అమలుకు రాలేదు. రజాకార్ల దౌర్జన్యం, తెలంగాణ రైతాంగ పోరాటం, సరిహద్దు దాడుల నడుమ మధ్యవర్తి కోసం కూర్చునే ఓపిక ఏ పక్షానికీ మిగల్లేదు.

1948 ఆగస్టు 21న హైదరాబాద్ భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో చర్చకు వచ్చేసరికి భారత సైన్యం మూడు రోజులుగా సంస్థానంలో కదులుతోంది. హైదరాబాద్ దేశమే కాదని, మండలికి వచ్చే అర్హతే దానికి లేదని భారత్ తరఫున ఆర్కాట్ రామస్వామి మొదలియార్ వాదించారు. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 22న ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు తంతి పంపాడు. 1949 మేలో మళ్లీ చర్చ జరిగింది. తీర్మానం మాత్రం రాలేదు. వలసకాలపు అసలు ప్రశ్నలు, అంటే 1800, 1853, 1902 ఒప్పందాలు, ఆ బల్ల మీదికి రానే లేదు. 1948 ఫిర్యాదునూ ఈ పాత ప్రశ్నలనూ కలిపి మాట్లాడటం వల్లనే బేరార్ విచారణ అనగానే కొందరికి 1948 గుర్తుకొచ్చి చర్చ పక్కదారి పడుతోంది.

ప్రపంచ కోర్టు ఏమంటుంది

ఇంతదాకా నిజంగా తీర్పు దాకా వెళ్లింది లండన్ బ్యాంకు సొమ్ము ఒక్కటే. 1948 సెప్టెంబరులో పాకిస్తాన్ హైకమిషనర్ రహిమ్‌తూలా ఖాతాకు చేరిన పది లక్షల పౌండ్లకు కొంచెం పైబడిన మొత్తం మీద 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి 3.5 కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత్‌కు, నిజాం వారసులకు చెందుతుందని తేల్చింది. అది బ్యాంకు ఖాతా తగవు కాబట్టి తెగింది. రాజ్యాల తగవుకు అదే దారి ఉందనుకోవడం పొరపాటు.

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం రెండు వైపులా మాట్లాడింది. దాద్రా, నగర్ హవేలీ విషయంలో పోర్చుగల్, భారత్ తగవులో 1779 నాటి మరాఠా ఒప్పందాన్ని చెల్లుబాటు ఒప్పందంగా 1960లో పరిగణనలోకి తీసుకుంది, అయితే దాని వల్ల సార్వభౌమత్వం బదిలీ కాలేదంది. 2002లో కామెరూన్, నైజీరియా కేసులో మాత్రం 1884లో పాత కలబార్ దొరలతో బ్రిటన్ చేసుకున్న ఒప్పందానికి అంతర్జాతీయ సంధి హోదా ఇవ్వలేదు. హైదరాబాద్‌ను మరాఠాల వరుసలో పెట్టాలా, కలబార్ వరుసలోనా? 1800లో హైదరాబాద్ మొదటి వరుసలోనే ఉందని 15వ షరతు చూసినవారికి అనిపిస్తుంది. 1926 నాటికి ఏ వరుసలో ఉందో చెప్పడం కష్టం.

పాల్మాస్ ద్వీపం తగవులో 1928లో మాక్స్ హ్యూబర్ చెప్పిన సూత్రం ఇంకో అడ్డు. ఏ చర్యనైనా ఆనాటి చట్టంతోనే కొలవాలి. ఆనాటి చట్టాన్ని రాసుకున్నది వలసరాజ్యాలే. ఇవన్నీ దాటినా, కామన్వెల్త్ దేశాలతో తగవులను ఆ కోర్టు పరిధి నుంచి భారత్ తన 1974 ప్రకటనలోనే మినహాయించుకుంది. ఆ మినహాయింపుతోనే పాకిస్తాన్ వేసిన విమానం కూల్చివేత కేసును భారత్ 2000లో కొట్టేయించుకుంది. కనుక బ్రిటన్ మీద బేరార్ కేసు వేయాలంటే ముందు మన తలుపు మనమే తీయాలి.

తేలనివి

వారసుడెవరు అన్నది మొదటి చిక్కు. బేరార్ ఇప్పుడు మహారాష్ట్రలోని అమరావతి, అకోలా, యవత్మాళ్, బుల్ఢాణా, వాశీం జిల్లాలు. దత్తమండలాలు ఆంధ్రప్రదేశ్‌లో, కొంత కర్ణాటకలో ఉన్నాయి. హైదరాబాద్ మూడు రాష్ట్రాలకు పంచబడింది. వాది కుర్చీలో కూర్చోగలిగింది భారత ప్రభుత్వం ఒక్కటే. దానికి ఇందులో ఆసక్తి ఉన్నట్టు ఇంతవరకు కనబడలేదు.

రెండోది సాక్ష్యాలు. రెసిడెన్సీ లేఖలు లండన్‌లో, ఢిల్లీలో ఉన్నాయి. నిజాం దఫ్తరాల పారశీ కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో, మద్రాసు రాజధాని రెవెన్యూ రికార్డులు చెన్నైలో ఉన్నాయి. ఏ పక్షమూ రాయని సాక్ష్యం ఒకటుంది. అది సర్వేయరు కాలిన్ మెకంజీ పూనికతో సేకరించిన గ్రామ కైఫియత్తులు (ఊరి చరిత్రలు). కడప జిల్లావి సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చు వేసింది. ఏ ఊరు ఎవరి చేతికి వెళ్లింది, ఎవరు శిస్తు వసూలు చేశారు అన్నది ఊళ్లలో నమోదు చేసుకున్న ఆ రాతల్లో దొరుకుతుంది. బేరార్ మీద రాసిన విశ్లేషకులు వీటివైపు అంతగా చూడకపోవడం ఈ చర్చలోని పెద్ద లోపం.

భూమి తిరిగి రాదు, రావాలని కోరేవారూ లేరు. పరిహారం లెక్కకట్టే చట్టం లేదు. కోర్టు మూసి ఉంది. కాబట్టి ఇప్పుడు సాధ్యమైనది రెండు దేశాల చరిత్రకారులు, బయటి నుంచి ఒక అధ్యక్షుడు కూర్చుని 1800 నుంచి 1860 దాకా కంటింజెంట్ ఖాతాను తిరగరాసే సంయుక్త సంఘం మాత్రమే. అది తీర్పు ఇవ్వలేదు, లెక్క తేల్చగలదు. దాని నివేదికను రెండు పార్లమెంట్లలోనూ ఉంచాలన్న షరతు ముందే రాసుకోకపోతే బరోడా గతే దానికీ పడుతుంది. ఆ సంఘం పని కడప జమాబందీ లెక్కల దగ్గరే మొదలుపెట్టాలి, ఎందుకంటే కంపెనీ సైన్యానికి నేల రూపంలో మొదటి చెల్లింపు జరిగింది ఇక్కడే.